వైశాఖ పూర్ణిమా పర్వదినం – కర్నల్ ఆల్కాట్ సేవ

తథాగతుని జననం, సంబోధి, మహాపరినిర్వాణం అనే మూడు ఘట్టాలను స్మరించే వైశాఖ పూర్ణిమ థేరవాద బౌద్ధులకు పరమ పవిత్రదినం. సింహళంలో దీనిని వెసాక్ అంటారు. ఆనాడు ఉపాసకులు శ్వేతవస్త్రాలు ధరించి విహారానికేగి, అష్టశీలాలు స్వీకరించి, బోధివృక్షాన్ని పూజించి, ధర్మశ్రవణంలో గడుపుతారు. రాత్రి ఇంటింటా దీపాలు వెలుగుతాయి. ఇంతటి పర్వదినానికి ఆంగ్లేయుల పాలనలో 1885 వరకు సెలవు లేదు. దానిని సాధించినవారిలో అగ్రగణ్యుడు హెన్రీ స్టీల్ ఆల్కాట్.

ఆయన 1832 ఆగస్టు 2న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో జన్మించారు. అంతర్యుద్ధకాలంలో సైనిక సరఫరాలలోని అక్రమాలను విచారించి కర్నల్ హోదా పొందారు. 1875లో న్యూయార్కులో బ్లావట్‌స్కీ ప్రభృతులతో కలసి దివ్యజ్ఞాన సమాజాన్ని స్థాపించారు. 1873లో జరిగిన పానదుర వాదసభలో గుణానంద థేరుడు క్రైస్తవ బోధకులను ఎదుర్కొన్న వృత్తాంతం ఆయనను ఆకర్షించింది. 1880 మే నెలలో సింహళం చేరి, గాలె నగరంలో త్రిశరణ పంచశీలాలు స్వీకరించారు.

1883 మార్చి 25, ఈస్టర్ ఆదివారంనాడు, కొలంబోలోని కొటహేనలో గుణానంద థేరుని విహారానికి వెళుతున్న బౌద్ధుల ఊరేగింపుపై దాడి జరిగింది. ఒక బౌద్ధుడు ప్రాణాలు కోల్పోయాడు. దోషులకు శిక్ష పడలేదు. బాధితులు ప్రతీకారానికి పూనుకోక 1884లో రక్షణ సంఘాన్ని ఏర్పరచుకొని, ఆల్కాట్‌ను తమ ప్రతినిధిగా లండనుకు పంపారు. ఆయన వలసరాజ్యాల మంత్రిత్వశాఖకు వారి విన్నపాలను సమర్పించారు. దాడికి తగిన న్యాయం చివరకు లభించలేదు. కాని వెసాక్ సెలవు లభించింది. గవర్నర్ ఆర్థర్ గోర్డన్ ప్రభుత్వం దానిని ప్రకటించగా, 1885 ఏప్రిల్ 28న బౌద్ధులు తొలిసారి ఆ సెలవుతో పండుగ జరుపుకొన్నారు.

నీలం, పసుపు, ఎరుపు, తెలుపు, నారింజ వన్నెల బౌద్ధ పతాకం ఎగిరింది ఆనాడే. దానిని రూపొందించినది కొలంబో సంఘం. పొడవైన తోరణంలా ఉన్న దానిని ఇళ్లపైనా ఊరేగింపులలోనూ వాడుకొనే సామాన్య పతాక ప్రమాణానికి మార్చమని సూచించినది ఆల్కాట్.

ఆయన 1881లో బౌద్ధధర్మాన్ని ప్రశ్నోత్తర రూపంలో బోధించే గ్రంథం ప్రకటించారు. సింహళంలో బౌద్ధ పాఠశాలల స్థాపనకు పాటుపడ్డారు. 1894లో మద్రాసులో పంచముల బిడ్డలకు ఉచిత పాఠశాల తెరిచారు. 1898లో అయోతీదాస పండితుడు కొలంబో వెళ్లి పంచశీలాలు స్వీకరించడానికి తోడ్పడ్డారు. 1907 ఫిబ్రవరి 17న అడయారులో కన్నుమూశారు.

1999లో ఐక్యరాజ్యసమితి వెసాక్ పర్వానికి అంతర్జాతీయ గుర్తింపునిచ్చింది. నేడు మనం నిరాటంకంగా జరుపుకొనే పూర్ణిమ వెనుక ఒక అజ్ఞాత బౌద్ధుని ప్రాణత్యాగమూ, పగను విడిచి ధర్మమార్గాన హక్కును కోరిన సమాజపు సహనమూ ఉన్నాయి. దీపం వెలిగించే వేళ ఆ రెండింటినీ స్మరించుట మన విధి.