చేతివేళ్ళతో బి.ఎ. చదివిన హెలెన్ కెల్లర్

1899 జూన్ 30. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని రాడ్‌క్లిఫ్ మహిళా కళాశాల ప్రవేశ పరీక్షలకు అది రెండో రోజు. టైపు మిషను ముందు కూర్చున్న పందొమ్మిదేళ్ళ అమ్మాయి చేతిలో బీజగణితం పేపరు ఉంది. ఆమెకు లెక్కలు రాక కాదు, పేపరులోని గుర్తులు పోల్చుకోలేక అవస్థ పడుతోంది. ఆమె పేరు హెలెన్ కెల్లర్. చూపు లేదు, వినికిడి లేదు.

అలబామా రాష్ట్రంలోని టస్కంబియాలో 1880 జూన్ 27న పుట్టిన హెలెన్‌కు పందొమ్మిది నెలల వయసులో జబ్బు చేసి కళ్ళు, చెవులు రెండూ పోయాయి. 1887లో ఆనీ సలివాన్ అనే యువతి టీచరుగా వచ్చి, బోరింగు దగ్గర ఆమె చేతిమీద నీళ్ళు పోస్తూ, రెండో అరచేతిలో ఆ మాట అక్షరాలను వేళ్ళతో రాసి భాష నేర్పిన సంగతి మన బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ తర్వాత పదేళ్ళకు మొదలైన కాలేజీ కష్టాలు మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

ఆమె తొలినుంచీ ఒక అనుమానాన్ని మోస్తూ వచ్చింది. పదకొండేళ్ళ వయసులో రాసిన ఒక చిన్న కథ, అంతకుముందే అచ్చయిన మరో రచయిత్రి కథను పోలి ఉందని బయటపడింది. ఎప్పుడో చేతిలో చదివించుకున్న కథ మనసులో ఉండిపోయి తన సొంతదిగా తోచింది. అయినా పెద్దలు కమిటీ వేసి, టీచరును బయటికి పంపించి, ఆ పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి ప్రశ్నించారు. అప్పటినుంచి ఆమె ఏం రాసినా, ఇది హెలెన్ రాసిందా, సలివాన్ రాసిందా అనేవాళ్ళు ఉండనే ఉన్నారు. కాలేజీ పరీక్ష ఆమెకు అందుకే అంత ముఖ్యమైంది. చూపున్న అమ్మాయిలు రాసే పేపరే తానూ రాసి నెగ్గాలనుకుంది.

1896లో ఆమె కేంబ్రిడ్జిలోని ఒక బాలికల పాఠశాలలో చేరింది. ప్రిన్సిపాల్ ఆర్థర్ గిల్మన్, జర్మన్ పాఠాలు చెప్పే టీచరు, ఇద్దరే వేళ్ళ అక్షరాలు నేర్చుకున్నారు. మిగతా పాఠాలన్నీ సలివాన్ పక్కన కూర్చుని చేతిలో రాయవలసిందే. బోర్డు మీద వేసే రేఖాగణితం బొమ్మలు ఆమెకు ఎలా తెలుస్తాయి? ఒక దిండు మీద తీగలు గుచ్చి త్రిభుజాలూ వృత్తాలూ తయారు చేసుకునేది. ఏ మూలకు ఏ అక్షరమో మనసులోనే గుర్తుపెట్టుకునేది.

1897లో తొలివిడత పరీక్షలు జరిగాయి. టైపు చప్పుడు తోటివారికి ఇబ్బంది అని వేరే గది ఇచ్చారు. ఎవరూ లోపలికి రాకుండా తలుపు దగ్గర మనిషిని పెట్టారు. అందరిలాగే ఆమెకూ ఒక నెంబరు ఇచ్చారుగాని, టైపు చేసిన జవాబు పత్రం ఎవరిదో చూడగానే తెలిసిపోదా! గిల్మన్ పక్కన కూర్చుని ప్రశ్నలను ఒక్కొక్క వాక్యంగా ఆమె చేతిలో రాశాడు. ఆమె సరిగా అందుకున్నానో లేదో అని మాటలను పైకి చెప్పి చూసుకుంది. జవాబులు టైపు చేశాక ఆయన వాటిని తిరిగి ఆమె చేతిలో చదివాడు, ఆమె తప్పులు దిద్దుకుంది. చూపున్న విద్యార్థి రాసింది మరోసారి చూసుకుంటాడే, అదే ఇది. అంతకన్నా ఎక్కువేమీ కాదు. అన్ని సబ్జెక్టుల్లోనూ పాసయింది. జర్మన్, ఇంగ్లీషుల్లో ఆనర్స్ వచ్చింది.

తర్వాత చదువు భారం విషయంలో గిల్మన్‌కూ సలివాన్‌కూ పడలేదు. హెలెన్ ఆ పాఠశాల వదిలిపెట్టింది. మెర్టన్ కీత్ అనే ఉపాధ్యాయుడి దగ్గర ప్రైవేటుగా చదివి 1899లో మిగిలిన పరీక్షలకు కూర్చుంది.

ఈసారి పరీక్ష గదిలో సలివాన్ పేపరు చదివి చెప్పరాదని కళాశాల నిర్ణయించింది. అనుమానాలకు తావు ఉండకూడదన్న ఆలోచన తప్పు కాదు. ఆమెకూ కావలసింది అదే. బదులుగా బోస్టన్‌లోని అంధుల పాఠశాలనుంచి వైనింగ్ అనే ఉపాధ్యాయుణ్ణి పిలిపించి, ప్రశ్నపత్రాలను బ్రెయిలీలో, అంటే ఉబ్బెత్తు చుక్కల లిపిలో రాయించారు. ఆయనకు ఆమెతో మాట్లాడటానికి ఆ చుక్కలు తప్ప వేరే దారి లేదు. గదిలో పర్యవేక్షకుడూ కొత్తవాడే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ రోజుల్లో ఇంగ్లీషుకు ఒకే బ్రెయిలీ లేదు. ఇంగ్లండు పద్ధతి ఒకటి, అమెరికా పద్ధతి ఒకటి, న్యూయార్కు పద్ధతి మరొకటి. భాషల పేపర్లకు ఇబ్బంది రాలేదు. లెక్కల్లో మాత్రం ఆమె ఇంగ్లండు గుర్తులతోనే అభ్యాసం చేసింది. పరీక్షకు రెండు రోజుల ముందు వైనింగ్ నమూనాగా పంపిన పాత పేపరు అమెరికా గుర్తుల్లో ఉంది! ఆమె కంగారుపడి వెంటనే ఉత్తరం రాసింది. తిరుగు టపాలో గుర్తుల పట్టిక వచ్చింది. పరీక్ష ముందు రాత్రి కూడా బ్రాకెట్లూ వర్గమూలం గుర్తులూ కలిసి వచ్చినచోట ఏది ఏదో తేల్చుకోలేకపోయింది. మర్నాడు కాస్త ముందుగా వెళ్ళి వైనింగ్ చేత మరోసారి వివరం చెప్పించుకుని గదిలోకి అడుగుపెట్టింది.

గుర్తులు చదవడమే కాదు, రాయడమూ కష్టమైంది. అంతవరకు లెక్కలు బ్రెయిలీలోనో మనసులోనో చేసింది. టైపు చేసిన అంకెలను తడిమి చూసుకునే వీలు లేదు. 1897లో మాదిరిగా తిరిగి చదివి వినిపించేవారూ లేరు. ఒక్కో ప్రశ్నను పదేపదే తడుముతూ నిదానంగా రాసింది. అలా రాసే నెగ్గింది. కళాశాలవారు ఆమెకు చేసిన ఏర్పాటు మంచి మనసుతో చేసిందే. ముందుగా ఏ బ్రెయిలీ వచ్చునని ఆమెను ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది.

మన దేశంలోనూ ఒకప్పుడు రకరకాల బ్రెయిలీలు ఉండేవి. తెలుగుతో సహా భారతీయ భాషలకు ఒకే పద్ధతిగా భారతీ బ్రెయిలీ 1951లో వచ్చింది. చూపులేని విద్యార్థులకు పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలనీ, బ్రెయిలీ, కంప్యూటరు, రాసిపెట్టే మనిషి, వీటిలో ఏది కావాలో విద్యార్థే ఎంచుకోవచ్చనీ కేంద్ర ప్రభుత్వం 2013లో మార్గదర్శక సూత్రాలు ఇచ్చింది. హెలెన్ రాసిన రోజుల్లో ఇటువంటి కాగితం ఏదీ లేదు.

మరో ఏడాది ఆగి 1900లో ఆమె రాడ్‌క్లిఫ్‌లో చేరింది. ఖర్చుకు మార్క్ ట్వేన్ పూనుకుని, చమురు వ్యాపారి హెన్రీ రోజర్స్ దంపతుల సాయం ఇప్పించాడు. తరగతిలో లెక్చరరు మాట్లాడుతుంటే సలివాన్ వేళ్ళు హెలెన్ అరచేతిలో పరుగెత్తేవి. వినే పనిలో ఉన్న చేతితో నోట్సు ఎలా రాస్తుంది? ఇంటికి వెళ్ళాక గుర్తున్నంత మేరకు రాసుకునేది. బ్రెయిలీలో దొరికే పాఠ్యపుస్తకాలు బహు కొద్ది. మిగతావన్నీ సలివాన్ చదివి చేతిలో రాయాలి. సలివాన్ కళ్ళూ అంతంతమాత్రమే. చిన్నతనంలో చూపు పోయి, ఆపరేషన్లతో కొంత తిరిగి వచ్చిన మనిషి. ఏదైనా భాగం మళ్ళీ చదవమంటావా అని ఆమె అడిగితే, అర్థం కాకపోయినా హెలెన్ అక్కరలేదనేది. ప్రొఫెసర్లలో వేళ్ళ అక్షరాలు నేర్చుకున్నవాడు విలియం నీల్సన్ ఒక్కడే.

ఆ చదువు మధ్యలోనే ఆమె ఆత్మకథ రాసింది. పరీక్షల కష్టాలన్నీ అందులో దాచకుండా చెప్పింది. 1903లో పుస్తకంగా వచ్చింది. 1904లో ఆనర్స్‌తో బి.ఎ. పట్టా అందుకుంది. చూపు, వినికిడి రెండూ లేనివారిలో బి.ఎ. సాధించినవారు అంతకుముందు లేరు. నాలుగేళ్ళూ ప్రతి పాఠానికీ పక్కన కూర్చున్న సలివాన్‌కు ఆ రోజు ఏ పట్టా లేదు.

హెలెన్ తర్వాత దేశదేశాలు తిరిగి అంధుల కోసం పనిచేసింది. 1955లో మన దేశానికీ వచ్చింది. ఒకప్పుడు ఆడపిల్లలను తన తరగతుల్లో చేర్చుకోని హార్వర్డ్ అదే ఏడాది ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అలాంటి గౌరవం అక్కడ ఒక మహిళకు దక్కడం అదే మొదలు. 1968 జూన్ 1న ఆమె కన్నుమూసింది.

సలివాన్‌కు ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయం 1932లో గౌరవ పట్టా ఇచ్చింది. అప్పటికి ఆమెకు చూపు దాదాపు పోయింది. మరి నాలుగేళ్ళకే మరణించింది. హెలెన్ చదివిన రాడ్‌క్లిఫ్ ఆవరణలో 1960లో సలివాన్ పేరున ఒక నీటి ఫౌంటెన్ కట్టారు.