ధర్మపురి శేషప్పకవి గెలుపు

పూర్వము మన కవులకు గెలుపనగా రాజసభయే రంగము. శ్రీనాథ కవిసార్వభౌముడు విజయనగరమున ప్రౌఢదేవరాయల సముఖమున గౌడ డిండిమభట్టు నోడించి, యాతని కంచుఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకము నందెనని ప్రసిద్ధి. ఎదిరిని వాదమున పడగొట్టి సభ మెప్పును, సువర్ణమును గైకొనుట రాజమార్గము. గోదావరీతీరమున ధర్మపురి క్షేత్రమునకు చెందిన శేషప్పకవి యీ మార్గమున నడువలేదు. అయినను గెలిచెను.

ఒకప్పుడు కరీంనగరం జిల్లాలోనిదై, 2016 నుండి జగిత్యాల జిల్లాలో చేరినది ధర్మపురి. ఆవలి యొడ్డు పూర్వపు ఆదిలాబాదు సీమ. యోగమూర్తియైన నరసింహస్వామి సన్నిధియే శేషప్పకు సభ, స్వామియే ప్రభువు. ఆ మహనీయుని జీవితమెట్టిదో తెలియవలెనన్న ఆయన నరసింహ శతకమునే విప్పవలెను. అందాయన తన్ను గూర్చి దాపరికము లేక చెప్పుకొనెను. పుట్టిననాటినుండి యేకాదశి యుపవాస మెరుగడట, తీర్థయాత్రలకు పోలేదట, ఒక్క బిచ్చగానికైన పిడికెడు పెట్టలేదట! ఇంత నిర్మొగమాటముగా తన లోపములను చదివిన భక్తుని మరియొకచోట చూచుట యరుదు.

పద్యరచన కుపక్రమించుచు చేసిన విన్నపము మరింత విచిత్రము. గణ యతి ప్రాసల లక్షణము తన కందలేదనెను. పంచకావ్యములు చదువలేదనెను, అమరకోశము మూడు కాండములలో దేనిని పరిశీలింపలేదనెను. వంకరగా నున్నంతమాత్రమున చెరకు తీపి తగ్గదుగదా యని సమాధానము చెప్పుకొనెను. ఏ పండితుడైనను తప్పు పట్టవలెనన్నచో నిక పట్టుటకేమున్నది? ఆక్షేపణలన్నియు ముందే తానే చేసికొనెను. పాఠశాలలో అమరమును, పంచకావ్యములను వల్లించిన నాకు, నిజము చెప్పవలెనన్న, యౌవనమున నీ పద్యము రుచింపలేదు. మా చదువు నెవరో యెగతాళి చేసినట్లు తోచెను.

స్వామియెదుటను ఆయన పద్ధతి యిదియే. గానమున నారదుడను గానని, సేవలో శబరిని గానని, బాల్యభక్తిలో ప్రహ్లాదుడను గానని, గ్రంథరచనలో వ్యాసుడను గానని వరుసగా నొప్పుకొనెను. పందెములన్నిట నోడి, ఆ యోటమినే చేతబట్టుకొని, హీనుడనైన నన్నేలుకొమ్మని యడిగెను. అంత్యకాలమున కఫవాతములు గొంతు కప్పినపుడు నామము నోటికి వచ్చునో రాదోయని సందేహించి, ఆ పని నేడే చేయుదునని ముందే కూర్చుండెను. చనువు కలిగినపుడు పరిహాసమునకును వెనుదీయడు. శేషుడు గాలి భక్షించి బ్రతుకును, గరుడుడు పాములను తినును, లక్ష్మీదేవికి పేరంటములున్నవి, నీకు భక్తులు నైవేద్యములు పెట్టుదురు. ఇంత జరుగుబాటుండగా నీ చేతి కాసొక్కటియు వ్యయము కాదుగదా యని స్వామిని నిలదీసెను.

లోకరీతి నాయన యెరుగనివాడు కాడు. మాన్యము లిచ్చువాడొక్కడు లేడుగాని చెరుపువారందరు సమర్థులేయని వాపోయెను. విద్వాంసు లక్కరకు రానివారై, శుంఠలు సభలలో పూజ లందుచున్నారని చెప్పెను. అట్టి సభలలో గెలిచిన నేమి, ఓడిన నేమి?

సీసపద్యములన్నిటి చివర మకుటమున ధర్మపురి పేరు నిలిచినది. కావుననే ఆ యూరు చూడనివారి నాలుకపై కూడ నా పేరు నిలిచినది. ఏ ప్రభువు వేయించిన శాసనమున కింత వ్యాప్తి కలిగినది?

2015 గోదావరి పుష్కరములలో ధర్మపురి రేవున స్నానము చేసి మెట్లెక్కుచుంటిని. ఆదిలాబాదు వైపునుండి వచ్చిన యొక వృద్ధురాలు తడిచీర పిండుకొనుచు నీ శతకమును కంఠతః చదువుచుండెను. అక్షరములు రానిదట, తల్లి నోట విని నేర్చినదట. ఒకచోట పదము మారి యతి చెడినది. అలవాటు చొప్పున దిద్దుటకు నోరు తెరచితిని. అప్పటికే ఆమె మకుటము ముగించి, చేతులు జోడించి, తరువాతి పద్యము నందుకొన్నది.