కణశక్తి శోధకుడు యల్లాప్రగడ సుబ్బారావు

మానవ దేహంలోని కణాలకు శక్తినిచ్చే పదార్థాన్ని లోకానికి తెలిపిన తొలి శాస్త్రవేత్తలలో తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో ఆయన ఖద్దరు ధరించడం ఆంగ్లేయ ఆచార్యునికి కంటగింపయింది. అందువల్ల ఎం.బి.బి.ఎస్. బదులు అంతకు తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టాయే దక్కింది. స్ప్రూ వ్యాధి సోదరుని బలిగొనడంతో, రోగాల మూలాన్ని వెదకాలన్న సంకల్పం ఆయనలో దృఢపడింది.

అమెరికా చేరిన సుబ్బారావు ఆసుపత్రిలో చిన్న కొలువు చేస్తూ విద్య కొనసాగించారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. కండరాలలో 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కనుగొన్నారు. ఆహారంలోని శక్తిని కణంలోని మైటోకాండ్రియా ఈ ఏ.టి.పి. రూపంలోకే మారుస్తాయని తరువాత తేలింది. ఇంత సాధించినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు.

1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినట్లు ప్రకటించింది. కణం విభజన చెందాలంటే డి.ఎన్.ఏ. నిర్మాణం జరగాలి, అందుకు ఫోలిక్ ఆమ్లం అత్యవసరం. దానిని పోలి ఉంటూనే దాని పనిని అడ్డగించే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే ఔషధాలు ఆ బృందం కృషి ఫలితాలే. 1948లో సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌తో రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు తాత్కాలిక ఉపశమనం కలిగించారు. ఆ ఏడాది ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు కన్నుమూశారు.

ఆయన నాటిన విత్తనం ఆ తరువాత ఫలించింది. మెథోట్రెక్సేట్ రొమ్ము క్యాన్సర్‌పైనా పనిచేస్తుందని 1951లో జేన్ రైట్ బృందం చూపింది. శస్త్రచికిత్స అనంతరం ఈ మందును మరి రెండింటితో కలిపి ఇస్తే వ్యాధి తిరగబెట్టడం తగ్గుతుందని 1976లో ఇటలీలో బోనడోన్నా బృందం నిరూపించింది. మైటోకాండ్రియాలో ఫోలేట్‌పై పనిచేసే ఒక ఎంజైము జన్యువు అధికంగా వ్యక్తమైన రొమ్ము క్యాన్సర్ రోగులలో జీవితకాలం తక్కువగా ఉన్నట్లు 2014లో వెలువడిన పరిశోధన తెలిపింది. ఏ.టి.పి., ఫోలిక్ ఆమ్లం సుబ్బారావు వేర్వేరు కాలాలలో నడిచిన రెండు బాటలు. అవి రెండూ మైటోకాండ్రియా వద్ద కలుసుకున్నాయి. పదవులు నిరాకరించిన ఘనతను ఆయనకు ప్రాణాలు దక్కిన రోగులే కట్టబెట్టారు.