మన్యవీరుడు శ్రీ అల్లూరి సీతారామరాజు

రామగుండము చెంత పారు గోదావరియే భద్రాచలము దాటి, పాపికొండల నడుమ ఇఱుకుదారిని చొచ్చి, రంప మన్యము నొరసికొని సాగును. ఆ మన్యమున 1922 మొదలు 1924 వఱకు గుట్టల చాటునుండి తుపాకి పోరు నడపి, ఆంగ్లేయ ప్రభుత్వమును కలవరపెట్టిన వీరుడు శ్రీ అల్లూరి సీతారామరాజు.

ఆయన 1897 జూలై 4వ తేదీన విశాఖపట్టణము జిల్లా పాండ్రంగి గ్రామమున మాతామహుల యింట జన్మించెను. తండ్రి వెంకటరామరాజు ఛాయాచిత్రములు తీయు వృత్తియందుండి, కుమారుని బాల్యముననే గతించెను. తల్లి సూర్యనారాయణమ్మ. బడి చదువు ఊరూర మాఱుచు తుదకు నిలిచిపోయెను. సంస్కృతము, జ్యోతిషము, మూలికావైద్యము, గుఱ్ఱపుస్వారి మాత్రము చక్కగా అలవడెను. ఉత్తరదేశ యాత్రలు ముగించి, సన్న్యాసివలె కృష్ణదేవిపేట ప్రాంతమున నివసించుచు, కొండవారికి మందులిచ్చుచు, కల్లు మానుడనియు, తగవులు పంచాయతీలలోనే తీర్చుకొనుడనియు బోధించుచుండెను.

కొండవారి కష్టములు కన్నులార చూచినవానికి ఊరకుండుట సాధ్యమా? 1882 నాటి అడవి చట్టముతో పోడు వ్యవసాయమునకు అడ్డు వచ్చెను. లంబసింగి దారి పనులయందు గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ జనులచే పని చేయించెనే గాని న్యాయమైన కూలి ముట్టనీయలేదు. కాగితముమీది కూలి వేఱు, కూలివాని చేతిలో పడినది వేఱు. తిరుగుబాటునకు మూలము ఆ తేడాలోనే వెదకవలెను. గాము గంతముదొర, గాము మల్లుదొర మున్నగువారు రాజును చేరిరి.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలు వరుసగా ఆయన వశమయ్యెను. మూడు దినములలో 26 తుపాకులు, సుమారు 2500 తూటాలు చిక్కెను. చింతపల్లిలో తీసికొనిన ఆయుధముల పట్టికను వ్రాసి, సంతకముచేసి ఠాణాలోనే ఉంచి వెడలెను. దొంగ చేయు పని కాదిది. బాకీ వసూలు చేసినవాడు రసీదు ఇచ్చినట్లున్నది.

ఆయన యుద్ధరీతి దామనపల్లి కనుమలో తేటపడెను. 1922 సెప్టెంబరు 24న స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇరువురు ఆంగ్లేయాధికారులు పోలీసు దళముతో ఆ కనుమ నెక్కుచుండిరి. దారి సన్నము, ఇరువంకల దట్టమైన అడవి. రాజు అనుచరులు చెట్లచాటున, బండలచాటున పొంచియుండిరి. ముందు నడచువారు దేశీయ సిపాయిలు. వారు ఎదుటనే పోవుచున్నను ఒక్క తుపాకియు పేలలేదు. భారతీయులను కొట్టరాదని రాజు ఆజ్ఞ. శత్రువు తుపాకిమోతకు అందుబాటులో ఉండగా వేలిని మీటపై నిలిపి ఊపిరి బిగబట్టి ఉండుట ఎంత కఠినమో యోచింపుడు! వెనుక అధికారులు గురిలోనికి వచ్చినప్పుడే తుపాకులు మ్రోగెను. ఇరువురును అచ్చటనే కూలిరి. దళము చెదరి, మృతదేహములను సైతము విడిచి వెనుదిరిగెను.

ఆ నియమము వలన ఆయనకు నష్టమును కలిగెను. విడిచిపెట్టబడిన సిపాయిలు మరల తుపాకులు పట్టి వచ్చుట సహజము. అయినను కూలికై అన్నివిధముల యణగినవాడే పొట్టకూటికై సిపాయి యయ్యెనని రాజు గ్రహించెను కాబోలు. ఈ విషయమున ఆయనను తప్పుపట్టుటకు మనసొప్పదు.

పిమ్మట అడ్డతీగల, రంపచోడవరముల పైకి దండెత్తెను గాని ఆయుధములు అంతగా చిక్కలేదు. ప్రభుత్వము మలబారు పోలీసులను, తరువాత అస్సాము రైఫిల్సు దళమును దింపెను. 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెము పోరులో తిరుగుబాటుదారులకు నష్టము వాటిల్లెను. తూటాలు తరిగెను; తిండి గింజలు కొండయూళ్లనుండి రాకుండ కట్టడి జరిగెను. తుపాకిగుండు రాజును తాకదని కొండవారు నమ్మిరి గాని, ఆకలి గుండు అందఱను తాకును. 1923 ఏప్రిలు 17న ఆయన అన్నవరమున నిర్భయముగా కనిపించుట జనులను ఆశ్చర్యపఱచెను. ఆయన తలకు 10,000 రూపాయలు వెల కట్టిరి. మల్లుదొర 1923లోనే పట్టుబడెను. 1924లో రూథర్‌ఫర్డు ప్రత్యేకాధికారియై వచ్చి, పల్లెలను ఉక్కిరిబిక్కిరి చేసెను.

1924 మే 7న మంప సమీపమున రాజు పట్టుబడెను. కొయ్యూరునకు కొనిపోయి, విచారణ లేకుండనే గుడాల్ అను మేజరు చేత కాల్చబడెను. పారిపోబోయినందున కాల్చితిమని సర్కారు చెప్పుకొనెను. కోర్టు లేదు, తీర్పు లేదు. ఠాణాలో రసీదు వ్రాసి ఉంచినవానికి దొరలు ఒక్క కాగితమైనను చూపలేదు. ఆయనకు అప్పటికి ఇరువది యేడేండ్లు నిండలేదు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి యున్నది.

గంతముదొర 1924 జూను మాసమున పోరాడుచునే మరణించెను. మల్లుదొర అండమాను శిక్ష ననుభవించి తిరిగివచ్చి, 1952లో విశాఖపట్టణము నుండి లోకసభకు ఎన్నికయ్యెను.