సురభి కమలాబాయి

మూకీ చిత్రముల కాలమున తెలుగు కుటుంబముల స్త్రీలు తెరపై కనుపించుట మిక్కిలి అరుదు. 1921లో రఘుపతి వెంకయ్య నాయుడు, ఆయన కుమారుడు ప్రకాశ్ నిర్మించిన ‘భీష్మ ప్రతిజ్ఞ’లో గంగ పాత్రను ఒక ఆంగ్లో ఇండియన్ యువతి ధరింపవలసివచ్చెను. బొమ్మకు మాట లేదు గనుక భాష రాకున్నను సాగిపోయెను. టాకీ వచ్చిన పిదప అట్లు సాగదు గదా!

ఆ లోటును నాటకరంగమే తీర్చెను. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున పుట్టిన నాటక సమాజమున స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించుచుండిరి. మగవారే ఆడవేషములు కట్టు ఆ దినములలో అది సామాన్యమైన సాహసము కాదు. కమలాబాయి ఆ సమాజపు బిడ్డ; రంగస్థలమే ఆమెకు బడి.

హెచ్.ఎం. రెడ్డి గారు బొంబాయిలో తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న విడుదలయ్యెను. అందు లీలావతి ఆమెయే. నేపథ్యగానము లేని రోజులవి, నటించువారే పాడవలెను. చివరి వరుసవారికి సైతము వినిపించునట్లు నాటకములలో పండిన గొంతు ఆమెకు అక్కరకు వచ్చెను. ఆ యేడే ‘పాదుకా పట్టాభిషేకము’న సీతగాను, ‘శకుంతల’లో శకుంతలగాను నటించెను.

వయసు మీరిన పిమ్మట తల్లి పాత్రలను ధరించెను. 1951 నాటి ‘పాతాళ భైరవి’లో తోట రాముని తల్లిని చూచి కంట తడిపెట్టిన వారిలో ఎందరు ఆమెను తొలి టాకీ లీలావతిగా ఎరుగుదురు? 1977లో ఆమె కన్నుమూసెను.