క్రిస్టియన్ డాప్లరు పండితుని చరిత్రము

ఆస్ట్రియా దేశమందలి సాల్జ్‌బర్గు పట్టణమున 1803వ సంవత్సరము నవంబరు 29వ తేదీని ఒక రాతిపనివారి యింట క్రిస్టియన్ డాప్లరు జన్మించెను. వంశవృత్తి ననుసరించి ఈ బాలుడును ఉలి పట్టవలసినవాడే. కాని దేహము మిక్కిలి దుర్బలమగుటచే ఆ పనికి తగకపోయెను. అప్పుడు సైమన్ స్టాంఫరు అను గణితోపాధ్యాయుడు ఇతని బుద్ధిసూక్ష్మతను గుర్తించి, వియన్నా నగరమందలి పాలిటెక్నిక్ విద్యాలయమునకు పంపుమని తండ్రికి హితవు చెప్పెను.

చదువు ముగిసినను స్థిరమైన యుద్యోగము లభింపలేదు. వియన్నాలో నాలుగేండ్లు ఒక ఆచార్యునికి సహాయకుడుగా నుండి, ఆ గడువు తీరినపిమ్మట ఒక నూలుమిల్లులో లెక్కలు వ్రాసి పొట్ట పోసికొనెను. ఎన్ని చోట్లకు దరఖాస్తులు పంపినను ఫలము లేకపోగా, విసిగి 1835లో అమెరికాకు వలసపోవ నిశ్చయించి, తన సామానుల నమ్మివేసెను. ప్రయాణమునకై మ్యూనిచ్ నగరమున అమెరికావారి ప్రతినిధిని దర్శించెను గూడ. అంతలో ప్రాగ్ నగరమందలి యొక పాఠశాలలో పని దొరకినదన్న వార్త యందుటచే ప్రయాణము మానుకొనెను.

ప్రాగ్ నగరమున ఆయనకు పని భారము మెండు. వందలకొలది విద్యార్థులను పరీక్షింపవలసివచ్చెడిది. పరీక్షలయందు మిక్కిలి కఠినుడని విద్యార్థులు పైవారికి ఫిర్యాదు చేసిరట. మా పాఠకులలో బాలురైనవా రీ మాట చదివి తమలో తాము నవ్వుకొందురేమో!

ఆయన పేరు నిలిపినది 1842 మే 25వ తేదీ యుపన్యాసము. నాడు వినవచ్చినవారు కొలదిమందియే. అందలి విషయమును మనము రైలుస్టేషనులో నిలిచి తెలిసికొనవచ్చును. కూతవేయుచు వచ్చు ఇంజను మనలను సమీపించునప్పుడు ధ్వని హెచ్చుస్థాయిలోను, దాటిపోయినతోడనే తగ్గుస్థాయిలోను వినబడును. ఏలయన, ఎదురు వచ్చు వస్తువునుండి వెలువడు తరంగములు దగ్గరదగ్గరగా చేరి చెవిని తాకును. దూరమగు వస్తువుయొక్క తరంగములు ఎడమెడముగా వచ్చును. డాప్లరు దీనిని వెలుతురునకును వర్తింపజేసి, జంటనక్షత్రముల రంగులకు వాని గమనమే కారణమని వాదించెను. ఈ రెండవ మాట పొరపాటు. నక్షత్రముల రంగు ముఖ్యముగా వాని వేడిమినిబట్టి యుండును. సూత్రము సత్యము, దాని కిచ్చిన యుదాహరణ మసత్యము. ఇట్టి చిక్కు శాస్త్రచరిత్రమున తరచుగా కానవచ్చును.

హాలెండు దేశీయుడగు బైస్ బాలో ఈ వాదమును నమ్మక, పరీక్షింప బూనెను. 1845లో ఉట్రెక్టు పట్టణము చెంత రైలుబండిమీద బాకా వాయించువారిని కూర్చుండబెట్టి, స్వరజ్ఞానము గల సంగీతజ్ఞులను దారిప్రక్కన నిలిపెను. ధ్వని విషయమున డాప్లరు చెప్పినదే నిజమని తేలెను. నక్షత్రముల రంగుల మాట మాత్రము ఆయన అంగీకరింపలేదు.

1850లో డాప్లరు వియన్నా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర సంస్థకు ప్రథమాధ్యక్షు డయ్యెను. బఠాణీమొక్కల పరిశోధనచే ప్రసిద్ధికెక్కిన మెండెలు అచ్చట ఆయన శిష్యుడు. కాని ఊపిరితిత్తుల వ్యాధి ముదిరి, గాలిమార్పునకై వెనిసు నగరమునకు పోయి, అచ్చటనే 1853 మార్చి 17వ తేదీని, ఏబదియేండ్లైన నిండకయే మరణించెను.

అప్పటికి మోటారుబండి యింకను పుట్టలేదు. అయినను, 1940వ దశకాంతమున అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రపు పోలీసువారు బండ్ల వేగమును కొలుచుటకు రాడారు యంత్రమును బాటప్రక్కన నిలిపినపుడు, అందు పనిచేసినది ఈ రాతిపనివారి బిడ్డ సూత్రమే. యంత్రము రేడియో తరంగములను వదలును. అవి బండిని తాకి మరలివచ్చును. బండి కదలుచుండుటచే మరలిన తరంగముల కంపనసంఖ్య మారును. సెకనుకు 2,415 కోట్ల కంపనములు గల తరంగమును గంటకు 60 కిలోమీటర్ల వేగముతో ఎదురు వచ్చు బండిపైకి పంపినచో, భేదము సుమారు 2,700 కంపనములు మాత్రమే. ఇంత స్వల్పభేదమును లెక్కించి యంత్రము వేగమును తెలుపును. బాట కడ్డముగా, ఏటవాలుగా గురిపెట్టినచో నిజవేగముకంటె తక్కువయే చూపును. ఇది బండివానికి లాభమే.

వేగప్రియులు ఊరకుండలేదు. బండిలో నమర్చుకొను డిటెక్టరు వేగమును కొలువదు. అది పోలీసు తరంగములను పసికట్టి కూయు రేడియో మాత్రమే. పోలీసు యంత్రమునకు తరంగము పోయి, మరల రావలెను. డిటెక్టరునకు పోవు తరంగము చాలును. కావున అది దూరమునుండియే హెచ్చరింపగలదు. దానికి ప్రతిగా పోలీసువారు బండి దగ్గరకు వచ్చువరకు యంత్రమును మూగగానుంచి, తటాలున మీట నొక్కసాగిరి. అప్పుడు డిటెక్టరు కూయునుగాని, వేగము అప్పటికే నమోదై యుండును. అంతేకాక డిటెక్టరునుండియు కొన్ని సన్నని తరంగములు బయటికి జారును. వానిని పట్టు యంత్రములును వచ్చినవి. పిదప వచ్చిన లేసరు తుపాకి డాప్లరు సూత్రముతో పనిలేక, వెలుతురు పోయివచ్చు కాలమునుబట్టియే దూరమును, దూరపు మార్పునుబట్టి వేగమును కొలుచును. దాని కిరణము మిక్కిలి సన్నము; డిటెక్టరునకు తెలియునప్పటికి పని ముగిసియుండును. అమెరికాలో వర్జీనియా రాష్ట్రమందును, యూరపులోని పెక్కు దేశములందును బండిలో డిటెక్టరు వాడుట నేరము.