కీర్తిశేషులు అక్కినేని లక్ష్మీవరప్రసాద్ గారు: చలనచిత్రముల కూర్పు

మంజీరానదిపై నిజాంసాగరము 1931వ సంవత్సరమున పూర్తియైన పిదప, కృష్ణా గోదావరీ మండలములనుండియు గుంటూరు సీమనుండియు మన పెద్దలు మూటముల్లెలతో నీ నిజామాబాదు ప్రాంతమునకు వచ్చిరి. బోధను, వర్ని, కోటగిరి, రుద్రూరు పరిసరముల క్యాంపులు వేసికొని, బీళ్ళను మాగాణులు చేసి, చెఱకును వరిని పండించిరి. ఇంచుమించుగా నా కాలముననే యేలూరు చెంతనుండి మఱియొక రైతుబిడ్డ యిల్లు విడిచెను. అతడు మనవారి దారి పట్టక బొంబాయి దారి పట్టెను. ఆతడే తరువాతి కాలమున ఎల్.వి. ప్రసాద్ అను పేర దేశమెల్ల నెఱిగిన కీర్తిశేషులు అక్కినేని లక్ష్మీవరప్రసాద్ గారు.

ఈ మహాసభా సంచికయందు వారి జీవితమును వ్రాయుటకు మాకొక కారణము గలదు. నేడు మన యిండ్లలో పెండ్లికి వీడియో తీయింపని గృహస్థు లేడు. నిజామాబాదు పట్టణమునను బోధనునందును కంప్యూటరు ముందు గూర్చుండి యా వీడియోలను కత్తిరించి కూర్చు యువకులు మన కుటుంబములందును గలరు. అయినను తల్లిదండ్రులు దీనిని చదువబ్బనివాని పనియని చిన్నచూపు చూచుచున్నారు. సంబంధములు మాటలాడునపుడు చెప్పుటకు సంకోచించుచున్నారు. ఈ తలంపు న్యాయమైనదియా యని విచారించుటకు ప్రసాద్ గారి చరిత్రకంటె మేలైన యాధారము మాకు గానరాలేదు.

వారు 1908వ సంవత్సరము జనవరి 17వ తేదీన, ఏలూరు సమీపమునందలి సోమవరప్పాడు గ్రామమున, కమ్మ రైతు కుటుంబమున, శ్రీరాములు గారికిని బసవమ్మ గారికిని జన్మించిరి. గారాబముగా పెరిగిరి. బుద్ధి చుఱుకైనదే గాని పాఠములయందు నిలువలేదు. నాటకసమాజములు వచ్చిన నటకు పరుగెత్తెడివారు. ఏలూరిలో బయస్కోపు ఆడించిన దానిని చూడక మానెడివారు కారు. 1924లో సౌందర్య మనోహరమ్మ గారిని పరిణయమాడిరి. అంతలో తండ్రిగారు అప్పులలో మునిగి దివాలా తీసిరి. అప్పు రైతు నెట్లు క్రుంగదీయునో చెఱకు పండించు మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 1930 ప్రాంతమున ప్రసాద్ గారు ఇంట నెవ్వరికిని జెప్పక, కొలది రూకలతో బొంబాయికి రైలెక్కిరి.

అచ్చట వీనస్ ఫిలిం కంపెనీలో చిల్లరపనులు చేసిరి. పిదప ఇంపీరియల్ కంపెనీ చేరిరి. 1931 మార్చి 14వ తేదీన విడుదలయైన మన దేశపు తొలి టాకీ ఆలం ఆరాయందును, ఆ సంవత్సరమే వచ్చిన కాళిదాసునందును, 1932 నాటి భక్తప్రహ్లాదయందును చిన్న వేషములు ధరించిరి. హిందీ, తమిళము, తెలుగు అను మూడు భాషల యాదిమ టాకీలతో నిట్లు సంబంధము గలిగినవా రరుదు. అటుపై కమర్-అల్-జమాన్ అను చిత్రమునకు సహాయ దర్శకులైరి. అది యాలస్యమగుటచే, కుటుంబపోషణార్థము డ్రీమ్‌లాండ్ అను సినిమాహాలున గేటు కాచు పనికి గుదిరిరి.

ఈ గేటు పనిని పలువురు వారి కష్టములలో నొకటిగా మాత్రమే చెప్పుదురు. మేము దానిని వేఱొక విధముగ చూచుచున్నాము. గేటు కాచువానికి రెండు సంగతులు తెలియును. టిక్కెట్టు లేనివానిని లోనికి బోనీయరాదు, ఇది మొదటిది. లోన బొమ్మ యాడుచుండగా జనులెచ్చట నవ్విరో, ఎచ్చట కంట నీరు బెట్టిరో, ఎచ్చట విసుగెత్తి బీడీ కాల్చుటకు బయటికి వచ్చిరో ప్రతిదినము కన్నులార చూచును, ఇది రెండవది. మంచి కూర్పరికి గావలసిన జ్ఞానమును ముఖ్యముగా నీ రెండే. తీసిన ప్రతి ముక్కయు టిక్కెట్టు చూపవలెను. అనగా, నేనిచ్చట నేల యుండవలె నను ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. చెప్పలేనిది యెంత యందమైనదైనను, ఎంత వ్యయముతో తీసినదైనను వెలుపలనే నిలువవలెను.

ఆ కాలపు కూర్పు పని యెంత కఠినమైనదో నేటి యువకులు తెలిసికొనుట మంచిది. టాకీ ఫిలిము సెకనుకు 24 బొమ్మల చొప్పున, నిమిషమునకు 90 అడుగులు నడచును. వేయి యడుగుల రీలు పదునొకండు నిమిషములలో నయిపోవును. కూర్పరి పాజిటివు ప్రతిని చేతబట్టి, వెలుతురున కెదురుగా చూచి, కత్తెరతో కత్తిరించి, అంచున మందుపూత గీకి, సిమెంటుతో నతికించెడివాడు. ఆలం ఆరావంటి తొలి టాకీలందు బొమ్మయు ధ్వనియు నొకే ఫిలిముపై నొకేసారి పడుచుండెను. ఆ ఫిలిముపై ధ్వని తన బొమ్మ ప్రక్కనే గాక కొంత యెడముగ నుండును. కావున బొమ్మను కోసిన మాట తెగును, మాటను కాపాడిన బొమ్మ మిగులును. అందుచే కత్తెరకు స్వాతంత్ర్యము లేకపోయెను. ధ్వనికి వేఱు ఫిలిము వాడుక వచ్చిన తరువాతనే కూర్పరి చేతులకు సంకెల వదలెను. ఈ మార్పును ప్రసాద్ గారు స్టూడియోలలో నుండియే చూచిరి.

దర్శకత్వము వారికి సులభముగ లభింపలేదు. కష్టజీవి యను చిత్రము మూడు రీళ్ళు తీసిన పిదప నిలిచిపోయెను. 1946లో గృహప్రవేశము వారి దర్శకత్వమున వెలువడి పేరు తెచ్చెను. ఆ సంవత్సరముననే గూడవల్లి రామబ్రహ్మము గారు పరమపదించిరి. వారారంభించిన పల్నాటియుద్ధమును ప్రసాద్ గారు పూర్తిచేయగా 1947లో విడుదలయ్యెను. ఒకరు నేసిన పంచెకు వేఱొకరు అంచు నేయుట వంటిది యీ కార్యము. తన గొప్పను చాటుకొనక, ముందువాని మనసు నెఱిగి, అతుకు కనబడకుండ చేయుట కూర్పు ధర్మములలో నొకటి. అటుపై 1949లో మనదేశము, 1950లో షావుకారు, సంసారము, 1952లో పెళ్ళిచేసిచూడు, 1955లో మిస్సమ్మ వచ్చినవి.

మిస్సమ్మను గూర్చి కొంత చెప్పవలెను. మొదట భానుమతి గారితో కొంతమేర చిత్రించి, పిమ్మట నా భాగమును విడిచి, సావిత్రి గారితో మరల తీసిరి. ఖర్చుపడిన ఫిలిమును విడుచుట యెంత కష్టమో దానిని తీసినవారికే తెలియును. ఆ కథలో నుద్యోగమునకై భార్యాభర్తలమని బొంకిన యిరువురి రహస్యము మనకు తెలియును, జమీందారు దంపతులకు తెలియదు. అట్టి కథయందు మాటలాడువాని మొగముకంటె వినువాని మొగమే విలువైనది. ఎవరి మొగము నెప్పుడు చూపవలె నను నిర్ణయముననే హాస్యము పుట్టును. ఈ కథనే 1955లో తమిళమునను, 1957లో మిస్ మేరీ యను పేర హిందీయందును ప్రసాద్ గారే తీసిరి.

రష్యాదేశమున లెవ్ కులెషోవ్ అను నతడు 1920 ప్రాంతమున నొక వింత పరీక్ష చేసెను. ఒక నటుని మొగమును నే మార్పును లేక మూడుమాఱులు చూపి, దాని సరసన నొకమాఱు ఆహారపు గిన్నెను, ఒకమాఱు శవపేటికను, మఱియొకమాఱు వేఱొక బొమ్మను కూర్చెను. చూచినవారు నటుడు ఆకలిని, దుఃఖమును, ప్రేమను వేఱువేఱుగ నభినయించెనని మెచ్చుకొనిరట. మొగము మాఱలేదు, ప్రక్కన నున్నది మాఱెను. భావము ముక్కయందు గాక రెండు ముక్కల పొందికయందు గలదని దీనివలన తేలినది.

మన బోధను షుగరు ఫ్యాక్టరీ 2015 సంవత్సరాంతమున మూతపడెను గాని, అందలి పని మనవారెవ్వరు మఱవలేదు. ఎన్ని బండ్ల చెఱకు తోలినను పంచదార కనబడదు; రసము తీసి, కాచి, మడ్డిని వేఱుచేసినపుడే పలుకు కట్టును. అట్లని చెఱకును ద్వేషింపరు. గంటలకొలది తీసిన వీడియో చెఱకువంటిది. పెండ్లిలో నప్పగింతల వేళ కెమెరా పెండ్లికూతును చూచుచుండును. కంట నీరు దిగమ్రింగుకొని ప్రక్కకు తిరిగిన తండ్రి మొగము నొక్క క్షణము చూపిన కూర్పరి పనివాడు. ఆ క్షణము తరువాత గంతులువేయు రంగుల హంగులు పెట్టినవాడు పనివాడు కాడు. కదలికయందు కోసిన అతుకు కనబడదు. దుఃఖమున నాలసించి కోయవలెను. హాస్యమున నొకింత ముందుగ కోయవలెను. పాటలో తాళము నెఱిగి కోయవలెను. అన్నిటికంటె ముఖ్యము, చూచువాని యూపిరి నెఱిగి కోయవలెను.

ప్రసాద్ గారు నిర్మాతలై హిందీయందు శారద, ఛోటీ బహన్, మిలన్ మొదలగు చిత్రముల నందించిరి. వారు నిర్మించిన 1981 నాటి ఏక్ దూజే కే లియే చిత్రమునకు ఎన్.ఆర్. కిట్టు గారు కూర్పునందు ఫిలింఫేర్ బహుమానమును గ్రహించిరి. మద్రాసు సాలిగ్రామమున స్టూడియోను, పిదప ఫిలిము లాబొరేటరీని నెలకొల్పిరి. తాము నటించిన ఆలం ఆరా ప్రతి యొకటియు నేడు లభింపకుండుటను తలంచినపుడు, ఫిలిమును కడిగి కాపాడు విద్య యెంత యవసరమో బోధపడును. వారి కుటుంబమునకు చెందిన అక్కినేని సంజీవి గారు కూర్పరి. ఆయన కుమారులు శ్రీకర్ ప్రసాద్ గారు 1989 నాటి రాఖ్ మొదలుకొని అనేక పర్యాయములు కూర్పునకై జాతీయ పురస్కారములను పొందిరి. ప్రసాద్ గారికి 1982వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము లభించెను. హైదరాబాదున 1987లో వెలసిన నేత్రవైద్యాలయము వారి దాతృత్వముచే వారి పేర ప్రసిద్ధమైనది. లోకమునకు బొమ్మలు చూపినవారు కన్నులకు వెలుగు నిచ్చుటకు సాయపడుట యెంతయు నుచితము. 1994 జూన్ 22వ తేదీన కీర్తిశేషులైరి.

మహాశయులారా! చదువబ్బక యిల్లు విడిచిన యా రైతుబిడ్డను నాడు సోమవరప్పాడున నెందఱు ప్రయోజకుడని తలంచియుందురో యోచింపుడు. మన యువకుడు రాత్రులు మేల్కొని కంప్యూటరు ముందు చేయునది ఆటయు గాదు, తక్కువ పనియు గాదు. ఓర్పు, వివేకము, పరుల మనసు నెఱుగుట, విడువవలసినదానిని విడుచు ధైర్యము, ఇవన్నియు గావలసిన విద్య యది. ఫ్యాక్టరీ పనులు పోయిన యీ సీమలో నిట్టి వృత్తులు మనకు చాల యవసరములు. కావున మన సంఘపు విద్యార్థి వేతనములలో వైద్యము, ఇంజనీరింగులతోపాటు కూర్పు నేర్చువారికిని గొంత భాగ మేర్పఱుపవలెనని దాతలను ప్రార్థించుచున్నాము. తల్లిదండ్రులు తమ బిడ్డ కూర్చిన వీడియోను ఒకమాఱు తుదివఱకు గూర్చుండి చూచిన చాలును. అతని గేటున టిక్కెట్టు లేని ముక్క యొకటియు లోనికి రాలేదని తోచినచో, అతని విద్యకు గౌరవ మీయుడు.